లినక్స్ డెవలప్‌మెంట్ సర్వర్లకు ఏ వర్చువలైజేషన్? పేర్ల కంటే ముందు తేల్చుకోవాల్సినవి

టీమ్‌లో ఎనిమిది మంది ఉన్నారు. అందరికీ తలా ఒక లినక్స్ సర్వర్ కావాలి, చేతిలో ఉన్నదేమో ఒకటే పెద్ద మెషీన్. దాన్ని చాలా సర్వర్లుగా పంచే పద్ధతే వర్చువలైజేషన్. ఇలాంటప్పుడు మాటలు ఎప్పుడూ పేర్లతోనే మొదలవుతాయి: ప్రాక్స్‌మాక్స్ వేద్దామా, వీఎంవేర్ కొందామా, అన్నీ డాకర్‌లోకి తోసేద్దామా అని. ప్రతి పేరుకీ ఒక వీరాభిమాని ఉంటాడు కాబట్టి ఆ చర్చ ఓ పట్టాన తెగదు. కాసేపు పేర్లు పక్కన పెట్టి మూడు విషయాలు చూసుకోండి: కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఎవరిది కావాలి, లోపలికి వచ్చేది ఎవరు, మెషీన్‌కు ఎంత సత్తా ఉంది. ఈ మూడూ తేలాక మిగిలే పేర్లు ఒకటో రెండో, అంతే.

ఇదంతా డెవలప్‌మెంట్ సర్వర్ల సంగతి. ప్రొడక్షన్ లెక్కలు వేరు. అక్కడ సర్వర్ పడిపోకూడదు. ఇక్కడ పడిపోతూనే ఉంటుంది, పడగొట్టేది కూడా మనమే. పాడైన సర్వర్‌ను తీసేసి నిమిషంలో కొత్తది లేపగలగాలి, ఒకరి ప్రయోగం పక్కవారి పనిని ఆపకూడదు. ఇక్కడ ముఖ్యమైనవి ఆ రెండే.

మొదటి అడుగు: సొంత కెర్నల్ కావాలా?

వర్చువల్ మెషీన్‌కు, అంటే వీఎంకు, దాని కెర్నల్ దానికే ఉంటుంది. కంటైనర్‌కు సొంత కెర్నల్ ఉండదు. హోస్ట్ (అంటే అన్నింటినీ మోసే అసలు మెషీన్) కెర్నల్ మీదే నడుస్తుంది, ఎవరికి ఏం కనిపించాలో తేల్చే నేమ్‌స్పేస్‌లూ, ఎవరికి ఎంత దక్కాలో తేల్చే సీగ్రూప్‌లూ కలిసి దానికి వేరే మెషీన్‌లా కనిపించే ఏర్పాటు చేస్తాయి. మిగతా తేడాలన్నీ దీన్నుంచి పుట్టేవే.

మీ వాళ్లు చేసేది వెబ్ అప్లికేషన్లు, ఏపీఐలు, డేటాబేస్ పనులు అయితే కంటైనర్ చాలు. కింది పనుల్లో ఏది ఉన్నా నేరుగా వీఎంకే వెళ్లండి: కెర్నల్ మాడ్యూళ్లు రాయడం లేదా లోడ్ చేయడం, వేరే కెర్నల్ వెర్షన్ మీద టెస్ట్ చేయడం, విండోస్ లేదా బీఎస్‌డీ నడపడం, లోపల ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫైల్ సిస్టమ్) మౌంట్ చేసుకోవాల్సి రావడం. చివరిది చాలామందికి తట్టదు. అన్‌ప్రివిలేజ్డ్ కంటైనర్‌లో, అంటే హోస్ట్ మీద అధికారం లేనిదాంట్లో, లోపలి రూట్ (సర్వాధికారాలున్న యూజర్) ఎంత గింజుకున్నా ఎన్ఎఫ్ఎస్ మౌంట్‌కు కెర్నల్ ఒప్పుకోదు. హోస్ట్ మీద మౌంట్ చేసి లోపలికి పంపాల్సిందే.

పాత డిస్ట్రిబ్యూషన్ల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. ‘క్లయింట్ ఇంకా సెంటాస్ 7 వాడుతున్నాడు, ఒక కంటైనర్ పెట్టేద్దాం’ అనుకుంటారు. ఇప్పటి హోస్ట్‌లు చాలావరకు సీగ్రూప్ రెండో వెర్షన్‌తోనే బూట్ అవుతాయి. సెంటాస్ 7లో సర్వీసులను లేపే సిస్టమ్‌డి వెర్షన్ 219. దానికి ఆ రెండో వెర్షన్ తెలియదు. కంటైనర్ మొదలైనట్టే కనిపిస్తుంది, లోపల ఒక్క సర్వీసూ లేవదు. ఉబుంటు 16.04దీ ఇదే కథ. సెంటాస్ 6 అయితే ఇంకా వింత: హోస్ట్ కెర్నల్‌లో విసిస్‌కాల్ అనే పాతకాలపు సదుపాయం మూసేసి ఉంటే బ్యాషే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో చచ్చిపోతుంది. వీటికి హోస్ట్ బూట్ ఆప్షన్లు మార్చి దారి చేయొచ్చు. కానీ ఒక పాత గెస్ట్ (హోస్ట్ మీద నడిచే సర్వర్) కోసం హోస్ట్ మొత్తాన్ని వెనక్కి లాగడం కంటే దానికో చిన్న వీఎం ఇవ్వడం తెలివైన పని.

రెండో అడుగు: లోపలికి వచ్చేది ఎవరు?

డెవలప్‌మెంట్ సర్వర్ అంటే రూట్ ఇవ్వక తప్పదు. ఎవరికి ఇస్తున్నారన్నదే చూడాలి.

పక్కపక్కన కూర్చునే టీమ్ అయితే అన్‌ప్రివిలేజ్డ్ కంటైనర్లు సరిపోతాయి. వాటిలో లోపలి రూట్, అంటే యూఐడీ (యూజర్ నంబర్) 0, బయట హోస్ట్‌కు మామూలుగా 100000 లాంటి ఒక పెద్ద నంబర్‌గా కనిపిస్తుంది. ఎవరైనా గోడ దూకి బయటపడ్డా చేతిలో ఏ అధికారమూ లేని యూజర్‌గానే తేలతాడు. ప్రివిలేజ్డ్ కంటైనర్‌లో ఈ మ్యాపింగ్ ఉండదు, లోపలి రూటే బయటి రూట్. ఏదో ఒకటి పనిచేయడం లేదని ప్రివిలేజ్డ్‌కు మార్చేయడం ఇంటర్నెట్‌లో దొరికే అతి సులువైన సలహా, దాన్ని తీసుకోకండి.

బయటి కాంట్రాక్టర్లు, విద్యార్థులు, ఎవరో పంపిన కోడ్‌ను చూడకుండా నడిపే సీఐ (ఆటోమేటిక్ బిల్డ్, టెస్ట్) పనులు ఉంటే కంటైనర్ గోడ చాలదు. కెర్నల్ అందరికీ ఒకటే కాబట్టి కెర్నల్‌లో ఒక లోపం ఉంటే అది అందరికీ తెరిచిన తలుపే. 2016లో బయటపడ్డ డర్టీ కౌ అనే కెర్నల్ లోపం అలాంటిదే. 2019 ఫిబ్రవరిలో, డాకర్ లాంటివి కంటైనర్లను లేపడానికి వాడే రన్‌సీలో దొరికిన లోపమైతే కంటైనర్ లోపలి రూట్‌కు హోస్ట్ మీది రన్‌సీ ఫైలునే తిరగరాసే వీలిచ్చింది. వీఎంలకూ లోపాలు ఉంటాయి. కానీ వీఎం నుంచి బయటపడాలంటే వీఎంలను నడిపే కెర్నల్ భాగమైన కేవీఎంలోనో, పరికరాలను అనుకరించే క్యూఈఎంయూలోనో కన్నం వెతకాలి. ప్రోగ్రాములు కెర్నల్‌ను పని అడిగే లినక్స్ సిస్టమ్ కాల్స్ మొత్తంతో పోలిస్తే అది చాలా ఇరుకు దారి.

మూడో అడుగు: మెషీన్‌ను చూడండి

ముందు ప్రాసెసర్. సీపీయూ ఫ్లాగుల్లో ఇంటెల్ అయితే వీఎంఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం కనిపించాలి. 2006 తర్వాత వచ్చిన సర్వర్ ప్రాసెసర్లలో ఇది లేనిది అరుదు, కనిపించకపోతే చాలాసార్లు బయోస్‌లో ఆపేసి ఉంటుంది. తర్వాత డెవ్ డైరెక్టరీలో కేవీఎం అన్న ఫైలు ఉందో లేదో చూడండి. అది లేకపోయినా క్యూఈఎంయూ నడుస్తుంది కానీ ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ సాఫ్ట్‌వేర్‌లో అనువదించుకుంటూ నడుస్తుంది. బూట్ అవడానికే నిమిషాలు పడుతుంటే కారణం ఇదేనేమో చూసుకోండి.

మీది సొంత మెషీన్ కాక అద్దె వీపీఎస్ (వేరేవాళ్ల మెషీన్‌లో ఒక వాటా) అయితే సిస్టమ్‌డి-డిటెక్ట్-వర్ట్ కమాండ్ నడపండి. కేవీఎం అని వస్తే మంచిదే. కంటైనర్లు హాయిగా నడుస్తాయి, నెస్టెడ్ వర్చువలైజేషన్ (వీఎంలో వీఎం నడిపే వీలు) ఇచ్చి ఉంటే లోపల వీఎంలు కూడా. సొంత హోస్ట్ మీద ఇంటెల్‌కు ఇది కెర్నల్ 4.20 నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. అద్దె వీపీఎస్ విషయంలో ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఓపెన్‌వీజెడ్ అని వస్తే మాత్రం మీరున్నదే ఒక కంటైనర్‌లో. దాని ఆరో తరం 2.6.32 కెర్నల్ మీద, ఏడో తరం 3.10 మీద నడుస్తాయి. ఎంత చవకైనా డెవలప్‌మెంట్‌కు దాన్ని తీసుకోకండి, డాకర్ పెట్టబోయిన రోజే తల పట్టుకోవాల్సి వస్తుంది.

ఇక మెమరీ. సీపీయూ దగ్గర ఉదారంగా ఉండండి, మెమరీ దగ్గర పిసినారిగా ఉండండి. 32 థ్రెడ్ల మెషీన్ మీద ఎనిమిది వీఎంలకు తలా 8 చొప్పున మొత్తం 64 వర్చువల్ సీపీయూలు ఇచ్చినా ఇబ్బంది రాదు, అందరూ ఒకే క్షణంలో కంపైల్ చేయరు కదా. గెస్ట్‌లో టాప్ కమాండ్ చూపించే స్టీల్ శాతం (సీపీయూ కోసం వేచి ఉన్న సమయం) గంటల తరబడి పైకెక్కి కూర్చుంటే అప్పుడు తగ్గించండి. మెమరీ అలా కాదు. 64 జీబీ మెషీన్‌లో హోస్ట్‌కు 6 జీబీ ఉంచి, ఎనిమిది వీఎంలకు తలా 6 చొప్పున 48 ఇస్తే 10 మిగులుతుంది. ఆ పదిని ఎవరడిగినా ఇవ్వకండి. హోస్ట్ స్వాప్‌లోకి (మెమరీ చాలక డిస్క్‌ను వాడే స్థితికి) వెళ్లిందంటే ఎనిమిది మందీ ఒకేసారి ఆగిపోతారు. జెడ్‌ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ వాడుతుంటే దాని కాష్‌ను కూడా లెక్కలో వేసుకోండి. పాత డిఫాల్ట్‌తో అది సగం మెమరీ దాకా తినేయగలదు.

వీఎం లోపలి లినక్స్ ఖాళీ మెమరీని పేజ్ కాష్‌తో (డిస్క్‌లోని ఫైళ్ల నకళ్లతో) నింపేస్తుంది. లోపల ‘ఖాళీగానే ఉంది’ అంటుంది, హోస్ట్‌కేమో మొత్తం వాడేసినట్టే. బెలూన్ డ్రైవర్ పెడితే కొంత వెనక్కి వస్తుంది, కేఎస్ఎం పెడితే ఒకేలాంటి పేజీలు కలిసిపోతాయి. రెండూ సాయమే కానీ వాటిని నమ్ముకుని ప్లాన్ వేయకండి. కంటైనర్లలో ఈ గొడవే లేదు. కాష్ అందరికీ ఒకటే, పరిమితి పెంచాలంటే నడుస్తుండగానే ఒక్క కమాండ్‌తో పెంచేయొచ్చు. 16 జీబీ మెషీన్ మీద ఆరుగురికి సర్దాలంటే కంటైనర్లు తప్ప వేరే దారి లేదనే చెప్తాను.

నాలుగో అడుగు: ఇప్పుడు పేర్లు

కేవీఎం. 2007 ఫిబ్రవరిలో 2.6.20 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లో భాగమైంది. వీఎం కావాలని తేలితే ఇదే. ఇది కాదనడానికే కారణం వెతుక్కోవాలి. ఒకే మెషీన్ ఉంటే దాని మీద వీఎంలను నిర్వహించే లిబ్‌వర్ట్, దాని గ్రాఫికల్ టూల్ వర్ట్ మేనేజర్ చాలు. రెండు మూడు మెషీన్లు ఉన్నా, కమాండ్ లైన్ అంటే గిట్టనివాళ్లు కూడా సర్వర్లు లేపుకోవాలన్నా ప్రాక్స్‌మాక్స్ వేయండి. డెబియన్ మీద కట్టినది, బ్రౌజర్‌లోనే కేవీఎం వీఎంలూ ఎల్ఎక్స్‌సీ కంటైనర్లూ రెండూ నడుపుతుంది, బ్యాకప్ దానిలోనే ఉంది. చందా కట్టకపోతే లాగిన్ అయిన ప్రతిసారీ ఒక గుర్తుచేసే పెట్టె వస్తుంది, దాన్ని మూసేస్తూ బతికేయొచ్చు.

ఇన్కస్. పూర్తి లినక్స్ మెషీన్‌లా బూట్ అయ్యే కంటైనర్లు కావాలంటే నా ఓటు దీనికే. 2023లో ఉబుంటు తయారుచేసే కానానికల్, కంటైనర్లను నడిపే ఎల్ఎక్స్‌డీని పూర్తిగా తన కిందకు తీసుకున్నాక, పాత డెవలపర్లలో కొందరు దాన్నుంచి చీల్చి నడుపుతున్న ప్రాజెక్టు ఇది. ఒకే కమాండ్‌తో కంటైనర్‌నూ లేపుతుంది, వీఎంనూ లేపుతుంది. హోస్ట్ డిస్క్ జెడ్‌ఎఫ్ఎస్ లేదా బీటీఆర్ఎఫ్ఎస్ అయితే 20 జీబీ సర్వర్‌కు నకలు తీయడం రెండు మూడు సెకన్ల పని. ఉబుంటు తప్ప వేరేది వాడని చోట ఎల్ఎక్స్‌డీ కూడా బాగానే నడుస్తుంది.

డాకర్, పాడ్‌మ్యాన్. ఇవి అప్లికేషన్‌ను పెట్టెలో పెట్టేవి, సర్వర్‌ను కాదు. ఎస్ఎస్‌హెచ్, క్రాన్, సిస్టమ్‌డి, నాలుగు సర్వీసులు అన్నీ ఒకే డాకర్ కంటైనర్‌లో కుక్కి ‘ఇదే నీ సర్వర్’ అని ఇస్తే ఆ డెవలపర్ రోజూ దానితో కుస్తీ పడతాడు. ప్రతి మనిషికీ ఒక వీఎం, దాని లోపల ప్రాజెక్టుకు ఎన్ని కావాలంటే అన్ని డాకర్ కంటైనర్లు: చాలా టీమ్‌లకు సరిపడే అమరిక ఇది. ఎల్ఎక్స్‌సీ కంటైనర్ లోపల డాకర్ కూడా నెస్టింగ్ (కంటైనర్‌లో కంటైనర్‌కు అనుమతి) ఆన్ చేస్తే నడుస్తుంది, కానీ ఏదో ఒక అప్‌గ్రేడ్ తర్వాత మొరాయిస్తుంది. ప్రాక్స్‌మాక్స్ వాళ్లు కూడా డాకర్‌ను వీఎంలోనే పెట్టుకోమంటారు.

వీఎంలు నడిపే వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ గట్టి సరుకే. కానీ 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగింది, 2024 ఫిబ్రవరిలో ఉచిత వెర్షన్ ఆగింది, 2025 ఏప్రిల్‌లో అదే మళ్లీ వచ్చింది. ఇప్పటికే మీ సంస్థలో ఉంటే వాడుకోండి, కొత్తగా డెవలప్‌మెంట్ కోసం మాత్రం దాని జోలికి వెళ్లకండి. వీఎంలు నడిపే జెన్ 2003 నాటి పెద్దది, ఇప్పటికీ బతికే ఉంది. జెన్ మీద కట్టిన ఎక్స్‌సీపీ-ఎన్‌జీ నడిపే అనుభవం ఉన్న మనిషి మీ దగ్గర ఉంటే తప్ప కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు. వర్చువల్‌బాక్స్ ల్యాప్‌టాప్‌కు బాగుంటుంది, సర్వర్‌కు వద్దు.

ఐదో అడుగు: పెట్టేటప్పుడు ఇవి చూసుకోండి

వీఎం అయితే సీపీయూ రకాన్ని ‘హోస్ట్’ అని పెట్టండి. ప్రాక్స్‌మాక్స్ ఎనిమిదో వెర్షన్‌కు ముందు డిఫాల్ట్ కేవీఎం64, అంటే చాలా పాత ప్రాసెసర్ వేషం. దాని మీద రెడ్‌హ్యాట్ 9 తరం డిస్ట్రిబ్యూషన్ బూట్ చేస్తే, ఈ ప్రాసెసర్‌కు ఎక్స్86-64-వీ2 స్థాయి సత్తా లేదని లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ ఒక లైను చెప్పి వెళ్లిపోతుంది, వెనకే కెర్నల్ పానిక్. అసలు ప్రాసెసర్ ఎంత కొత్తదైనా గెస్ట్‌కు కనిపించేది వేషమే. వేర్వేరు తరాల ప్రాసెసర్లున్న మెషీన్ల మధ్య వీఎంలను నడుస్తుండగానే మార్చాలంటే మాత్రం ‘హోస్ట్’ పనికిరాదు, అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న స్థాయి ఎంచుకోవాలి.

డిస్క్, నెట్‌వర్క్ రెండూ విర్టియో (వీఎంల కోసమే చేసిన వేగమైన డ్రైవర్లు) మీద పెట్టండి. డిస్క్ ఫైలుకు క్యూకౌ2 ఫార్మాట్ స్నాప్‌షాట్లకు వీలు, రా ఫార్మాట్ కొంచెం వేగం. ఎన్‌వీఎంఈ డిస్క్ ఉంటే ఆ తేడా గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. కాష్ మోడ్‌ల్లో ‘అన్‌సేఫ్’ అని ఒకటుంది. గెస్ట్ డిస్క్‌కు రాయమని ఎంత ఒత్తి చెప్పినా పట్టించుకోదు. టెస్ట్ ముగియగానే చెరిపేసే సీఐ వీఎంలకు అది వరమే. మనిషి కోడ్ ఉండే వీఎంకు పెట్టారో, కరెంటు పోయిన రోజు ఫైల్ సిస్టమ్ కూడా పోవచ్చు.

మొదటి బూట్‌లోనే సెట్టింగులు చేసే క్లౌడ్-ఇనిట్ ఉన్న ఇమేజ్‌తో ఒక టెంప్లేట్ చేసి పెట్టుకోండి. యూజర్ పేరు, ఎస్ఎస్‌హెచ్ కీ, ప్యాకేజీల జాబితా ఒక్క ఫైలులో ఉంటే కొత్త సర్వర్ అంటే ఒక క్లోన్, ఒక బూట్. ఇన్‌స్టాలర్ సీడీ ఇమేజ్ పెట్టి ప్రతిసారీ ‘నెక్స్ట్’ నొక్కే పద్ధతి మూడో సర్వర్ దగ్గరే విసుగు పుట్టిస్తుంది.

నెట్‌వర్క్‌కు బ్రిడ్జి పెడితే ప్రతి సర్వర్‌కూ సొంత ఐపీ వస్తుంది, టీమ్ అంతా నేరుగా చేరుకుంటారు. లిబ్‌వర్ట్ మొదట ఇచ్చేది 192.168.122 సిరీస్‌లో నాట్ (హోస్ట్ ఐపీ వెనక దాక్కునే పద్ధతి). ఒక్కరు వాడుకోవడానికి చాలు, పక్క మెషీన్ నుంచి చూడాలంటే కుదరదు. వైఫై కార్డు మీద బ్రిడ్జి మామూలుగా పనిచేయదు, దాని మీద సాయంత్రాలు తగలేయకండి.

కంటైనర్ల దగ్గర చూసుకోవాల్సినవి రెండు. ఒకటి, ఫైల్ వాచర్లు. కోడ్ మారగానే రీలోడ్ అయ్యే టూల్స్ చాలావరకు ఐనోటిఫై (ఫైలు మారితే చెప్పే కెర్నల్ సదుపాయం) మీద ఆధారపడతాయి. ఒక యూజర్‌కు ఇన్‌స్టన్స్‌ల హద్దు డిఫాల్ట్‌గా 128. ఒకే యూఐడీ మ్యాపింగ్ వాడే కంటైనర్లన్నీ దాన్నే పంచుకుంటాయి. అయిదారుగురు ఎడిటర్లు తెరిచేసరికి ఏడో మనిషికి ‘మరీ ఎక్కువ ఫైళ్లు తెరిచారు’ అనో, ‘డిస్క్‌లో చోటు లేదు’ అనో ఎర్రర్ వస్తుంది. డిస్క్ చూస్తే సగం ఖాళీ! కంటైనర్ లోపల ఎంత వెతికినా దొరకదు. హోస్ట్ మీద సిస్‌సీటీఎల్ (కెర్నల్ సెట్టింగులు) లో ఇన్‌స్టన్స్‌ల హద్దు, వాచ్‌ల హద్దు రెండూ ముందే పెంచి పెట్టండి.

రెండోది కోర్ల లెక్క. డాకర్‌లో సీపీయూలను 2కి కట్టేసినా లోపలి ప్రోగ్రాములు చాలావరకు హోస్ట్ కోర్లన్నింటినీ చూస్తాయి. ఉన్న కోర్లన్నీ వాడమన్న మేక్ 32 కంపైలర్లను ఒకేసారి లేపుతుంది, 4 జీబీ పరిమితి క్షణాల్లో నిండుతుంది, సీ++ కంపైలర్ ‘కిల్డ్’ అన్న మాటతో బిల్డ్ ఆగుతుంది. కంపైలర్‌ను అనుమానించే ముందు హోస్ట్ కెర్నల్ లాగ్‌లో ఓఓఎం కిల్లర్ (మెమరీ చాలనప్పుడు ప్రోగ్రాములను చంపేది) పేరు వెతకండి. ఇన్కస్, ప్రాక్స్‌మాక్స్ కంటైనర్లలో వాటి హద్దుల్నే చూపించే ఎల్ఎక్స్‌సీఎఫ్ఎస్ ఉంటుంది కాబట్టి సరైన లెక్కలు కనిపిస్తాయి. డాకర్‌లో మేక్‌కు జాబ్‌ల సంఖ్య మీరే చెప్పాలి.

ఆరో అడుగు: ఖాయం చేసే ముందు ఒకరోజు సతాయించండి

బెంచ్‌మార్క్ ప్రోగ్రాములు వద్దు. మీ ప్రాజెక్టునే తీసుకుని రిపాజిటరీ క్లోన్, డిపెండెన్సీల ఇన్‌స్టాల్, పూర్తి బిల్డ్, టెస్టులు వరుసగా నడిపి టైము చూడండి. తర్వాత అదే పనిని నాలుగు సర్వర్లలో ఒకేసారి మొదలుపెట్టండి. ప్యాకేజీ మేనేజర్లు వేలకొద్దీ చిన్న ఫైళ్లు రాస్తాయి కాబట్టి సాధారణంగా ముందు చేతులెత్తేసేది డిస్క్, ప్రాసెసర్ కాదు. ఆ సమయంలో ఐదో సర్వర్‌లో ఎస్ఎస్‌హెచ్ తెరిచి టైప్ చేసి చూడండి. అక్షరాలు వెంటవెంట పడుతుంటే ఆ అమరిక నిలబడినట్టే.

హోస్ట్‌ను ఒకసారి హెచ్చరిక లేకుండా రీబూట్ చేయండి, సర్వర్లన్నీ వాటంతటవే లేస్తున్నాయేమో చూడండి. బ్యాకప్ తీసి, వేరే డిస్క్‌లోకి రీస్టోర్ చేసి, బూట్ చేసి లాగిన్ అవ్వండి. స్నాప్‌షాట్‌ను బ్యాకప్‌గా లెక్కపెట్టకండి. అది ఉండేది అదే డిస్క్ మీద, డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి.

రేపు మనసు మారితే బయటపడే దారి ఉందో లేదో కూడా ఇదే రోజు చూసుకోండి. వీఎంవేర్ డిస్క్ ఫార్మాట్ వీఎండీకే నుంచి క్యూకౌ2కి మార్చడం క్యూఈఎంయూ-ఐఎంజీ కమాండ్‌తో ఒక్క లైను పని. చిక్కు ఆ తర్వాత వస్తుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను (బూట్‌కు కావాల్సిన డ్రైవర్ల మూటను) అప్పుడున్న హార్డ్‌వేర్‌కు సరిపడేంతే కడతారు, వీఎంవేర్ మీద కట్టిన దానిలో విర్టియో డ్రైవర్లు ఉండవు. కేవీఎం మీద రూట్ డిస్క్ దొరక్క బూట్ మధ్యలోనే నిలబడిపోతుంది. పాత చోట ఉండగానే ఆ మూట కట్టే టూల్ డ్రాకట్‌తో విర్టియో డ్రైవర్లు కలిపి దాన్ని మళ్లీ కట్టి, అప్పుడు తరలించండి. నెట్‌వర్క్ కార్డు పేరు కూడా మారుతుంది, ఈఎన్ఎస్192 కాస్తా ఈఎన్ఎస్18 అవుతుంది. స్టాటిక్ ఐపీ పాత పేరు మీదే రాసి ఉంటే సర్వర్ లేస్తుంది కానీ ఎస్ఎస్‌హెచ్‌కు పలకదు. కన్సోల్ నుంచి లాగిన్ అవ్వడానికి రూట్ పాస్‌వర్డ్ ఒకటి ముందే పెట్టి ఉంచుకోండి.